పాత రీలు, కొత్త నాలుక

మనోజకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ రాదు. అన్నం తింటూ కాలు ఊపుతుంది. ఫోన్ మోగితే ఇల్లంతా తిరుగుతూ మాట్లాడుతుంది. "నీ కాళ్లకు చక్రాలున్నయే" అని తల్లి రాజమ్మ తిట్టేది గానీ, చివరికి ఆ కాళ్లే ఆమెకు బువ్వ పెట్టాయి. సినిమాలో హీరోయిన్ మెట్లు దిగుతుంటే వినిపించే అడుగులు మనోజవి. విలన్ తాళంచెవుల గుత్తి బల్ల మీద విసిరికొడితే ఆ చప్పుడూ మనోజదే. షూటింగులో చాలామటుకు మాటల్నే పట్టుకుంటారు. మిగతా చప్పుళ్లు తర్వాత స్టూడియోలో తెర మీద బొమ్మను చూస్తూ, దాంతోపాటే చేసి రికార్డు చెయ్యాలి. ఆ పనిని ఫోలీ అంటారు. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ కింద సెల్లార్‌లో పాత చెప్పులు, తలుపు గొళ్లేలు, ఇసుక తట్టలు, చీరల మూటల మధ్య ఇరవై ఏళ్లుగా ఆమె చేస్తున్నది అదే.

ఈ మధ్య ఆ కుదురులేనితనం ఇంకో రకంగా ముదిరింది. రికార్డింగ్ గదిలోకి అడుగు పెట్టగానే ఎక్కడో ఏదో సన్నగా బుస కొడుతున్నట్టుండేది. పని మీద మనసు నిలిచేది కాదు.

"బాబీ, ఏసీ బంద్ చెయ్యి జర."

"ఆపేశానక్కా. మీరు లోపలికి రాకముందే ఆపా," అనేవాడు బాబీ అద్దం అవతలి నుంచి. అతను రికార్డింగ్ ఇంజనీరు. భీమవరం నుంచి వచ్చి ఈ స్టూడియోలోనే స్థిరపడిపోయాడు.

"మరి గీ సప్పుడేంది?"

బాబీ హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుని వినేవాడు. "నాకేం రావట్లేదక్కా" అనేవాడు. మనోజ ఊరుకునేది కాదు. గోడకు చెవి పెట్టి, పైపు పక్కన చెవి పెట్టి, స్విచ్‌బోర్డు దగ్గర వంగి గదంతా కలియతిరిగేది. దొరికేది కాదు. ఆ చిరాకులోనే చప్పుళ్లు చేసేది.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ గాలం సీను.

సినిమాలో ఒక పెద్దాయన రిజర్వాయరు ఒడ్డున ఒంటరిగా చేపలు పడుతుంటాడు. మాటలు లేవు, పాట లేదు. కర్రకు బిగించిన పాత రీలు ఒక్కటే వినిపించాలి. సౌండ్ డిజైనర్ సిద్ధార్థ తన కంప్యూటర్లో ఉన్న రీళ్ల చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే పెట్టి చూపించాడు. దర్శకుడు దేనికీ తల ఊపలేదు. "ఇదంతా ప్లాస్టిక్ మోత. ఆయన చేతిలో ఉన్నది తాతలనాటి ఇత్తడి రీలు. దాని గొంతే కావాలి" అన్నాడట. షూటింగుకు ఆ రీలు ఇచ్చింది జూబ్లీహిల్స్‌లో ఉండే త్రినాథరావు, ఒకప్పటి కెమెరామాన్.

"నువ్వే వెళ్లి తెచ్చుకో మనోజా. శుక్రవారం మిక్సింగ్," అన్నాడు సిద్ధార్థ.

త్రినాథరావు ఇల్లు చెక్‌పోస్ట్ దాటి లోపలికి, పెద్ద పెద్ద బండల్ని పగలగొట్టకుండా వాటి మధ్యనే కట్టుకున్న పాత ఇల్లు. చుట్టూ అద్దాల భవంతులు లేచాయి, ఇది మాత్రం బండల చాటున ఒదిగి ఉంది. డెబ్బై ఐదు దాటిన మనిషి, వరండాలో నిలబడే ఎదురుచూస్తున్నాడు. లెన్సులు తుడిచే మెత్తటి తోలుగుడ్డ విప్పి రీలు తీశాడు.

"మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నానమ్మా దీన్ని, అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో. ఇంగ్లీషువాళ్ల సరుకు. అమ్మినవాడికి ఇదేంటో తెలీదు. గాలిపటం దారం చుట్టే చక్రమని చెప్పి ఇచ్చాడు."

అరచేతి నిండా పట్టేంత గుండ్రటి ఇత్తడి. ఏళ్ల తరబడి చేతులు తగిలి పసుపు రంగు పోయి గోధుమ రంగుకు తిరిగింది. వెనక ఒక పళ్లెం, దాని నడిమధ్య ఉక్కు ఇరుసు. ఆ ఇరుసు మీద దారం చుట్టిన డ్రమ్ము కూర్చుంది. డ్రమ్ము అంచున ఎదురెదురుగా రెండు కొమ్ము పిడులు. గేర్లు లేవు, గొలుసులు లేవు.

"ఈ కాలపు రీళ్లలో పిడి ఒక్కసారి తిప్పితే దారం ఐదుసార్లు చుట్టుకుంటుంది. ఇందులో ఒకటికి ఒకటే. చేప ఎంత లాగితే అంత నీ వేళ్లకు తెలుస్తుంది. మధ్యలో దాచేది ఏమీ లేదు," అన్నాడు త్రినాథరావు. ఆయన వేళ్లు మాట్లాడుతూనే డ్రమ్మును తడుముతున్నాయి. "కానీ ఒక చిక్కుంది. చేప ఉరికినప్పుడు డ్రమ్ము గిర్రున తిరుగుతుంది. చేప ఆగుతుంది, డ్రమ్ము ఆగదు. దారమంతా వదులై చిక్కుపడి కుప్పవుతుంది. అందుకని లోపల డ్రమ్ము వెనకాల ఒక పళ్ల చక్రం పెట్టాడు. ఆ పళ్లకు తగిలేట్టు ఒక ఉక్కు నాలుక. నాలుకను వెనక నుంచి వంపు స్ప్రింగు నెడుతుంటుంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా నాలుక లేచి పడుతుంది. చప్పుడదే, బ్రేకూ అదే."

"రెండు వైపులా ఒక్కటే సప్పుడు వస్తదా సార్?"

ఆ ప్రశ్నకు ఆయన ముఖం వెలిగింది. "రాదు! నాలుకను ఒక పక్క వాలుగా, ఒక పక్క నిటారుగా అరగదీశారు. దారం లోపలికి చుట్టేటప్పుడు వాలు మీద జారుతుంది, మెత్తగా ఉంటుంది. దారం బయటికి పోయేటప్పుడు నిటారు అంచు తగులుతుంది. విను."

దారం కొస పట్టుకుని బలంగా లాగాడు. వెంటనే లోపల్నుంచి ఆయన భార్య శ్యామలాదేవి కేక వినిపించింది.

"ఏవండీ, ఆ కీచు గోల ఆపుతారా? పళ్లు జివ్వుమంటున్నాయి!"

మనోజ ఆశ్చర్యపోయింది. మూరెడు దూరంలో నిలబడ్డ తనకు చెక్క మీద గోటితో కొట్టినట్టు టకటక మాత్రమే వినిపించింది. ఇంత మెత్తటి చప్పుడుకు ఈమెకు ఎందుకింత విసుగో అనుకుంది. పాపం, రీలు అరిగిపోయిందని కూడా అనుకుంది.

"లోపల ఇంకో నాలుక కూడా ఉంది. మొదటిది అరిగితే వాడుకోవడానికి. నాకు ఆ అవసరం రాలేదు," అన్నాడు త్రినాథరావు, రీలును మళ్లీ తోలుగుడ్డలో చుట్టి ఇస్తూ. "ఒక్కటి చెప్తానమ్మా. దీన్ని విప్పొద్దు. అందులో గ్రీజు నేను పెట్టింది. ఎంత పెట్టాలో నాకే తెలుసు."

"విప్ప సార్. ఫికర్ చెయ్యకుండ్రి," అంది మనోజ.

స్టూడియోకు వచ్చి రీలును ఒక కర్రకు బిగించింది. దాని ముందు మైకు పెట్టి, ఎదుటి తెర మీద పెద్దాయన చేతుల్ని చూస్తూ దారం లాగింది. కొంచెం కొంచెంగా వదిలింది. చేప ఉరికేచోట ఒక్క ఊపున లాగింది. తర్వాత పిడి పట్టి చుట్టింది. బొమ్మకూ చేతికీ పొల్లు పోకుండా కుదిరింది. కానీ హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు ఆమె ముఖం మాడిపోయింది.

"ఏంది బాబీ, చెక్క సప్పుడు? ఇత్తడి ఏడ వోయింది?"

"చాలా బాగుందక్కా. చెవిలో గుచ్చుతోంది," అన్నాడు బాబీ.

"మైకు మార్చు."

మార్చాడు. ఆమెకు అదే చప్పుడు. మైకును పక్కకు జరిపించింది, దగ్గరికి తెప్పించింది, కింద పరిచిన కంబళి తీయించింది. అదే టకటక. మధ్యాహ్నం టీ వచ్చింది, చల్లారింది, ఇంకో టీ వచ్చింది. మనోజ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూనే ఉంది. బాబీ ఎంత బాగుందన్నా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంటికి పోవాలని తొందరపడుతున్నాడని అనుమానించింది కూడా.

"లోపల గ్రీజు గట్టిపడి ఉంటది," అంది చివరికి.

"విప్పొద్దన్నారుగా ఆయన?"

"మల్ల అట్లనే బిగిస్త."

డ్రమ్ము మధ్యలో చిన్న మీట ఉంది. దాన్ని గోటితో పక్కకు నెట్టి పైకి లాగితే డ్రమ్ము ఇరుసు మీద నుంచి మెల్లగా జారి చేతిలోకి వచ్చింది. ఎంత ఖచ్చితంగా తొలిచారంటే, ఊడి వచ్చేటప్పుడు లోపలికి గాలి పీల్చుకుని చిన్నగా ముద్దు పెట్టినట్టయింది. ఆ చప్పుడు మాత్రం ఆమెకు చక్కగా వినిపించింది. పళ్లెంలో నల్లటి గ్రీజు. త్రినాథరావు చెప్పినట్టే చక్రం, వంపు స్ప్రింగు, పక్కపక్కనే రెండు నాలుకలు. ఒకటి పళ్ల వైపు తిరిగి ఉంది. రెండోది పళ్లకు అందకుండా వెనక్కి మడిచి ఉంది. పాత బనియన్ గుడ్డతో, కిరోసిన్ చుక్కతో అంతా తుడిచింది. చక్రం పళ్లను ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూసింది. ఒక్కటీ విరగలేదు. స్ప్రింగును వేలితో నొక్కింది. బిగువుగానే ఉంది. నాలుక కొస కొంచెం గుండ్రమైంది. "గిదే," అనుకుంది. దాన్ని తీసి పక్కన పెట్టి, ఇంతవరకు వాడని రెండో నాలుకను పళ్ల వైపు తిప్పింది. దాని అంచు వేలికి కోసుకునేంత పదును.

మళ్లీ బిగించి దారం లాగింది.

అద్దం అవతల బాబీ ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు లాగేసుకున్నాడు. చెవులు రుద్దుకున్నాడు. మనోజకు మాత్రం వినిపించింది ఆ చెక్క మీద గోటి చప్పుడే.

ఆమె దారం వదిలేసి అతని గదిలోకి వచ్చింది. చప్పుడును బొమ్మగా చూపించే కిటికీ ఒకటి కంప్యూటర్లో ఉంటుంది. బరువైన చప్పుళ్లు కింద కనిపిస్తాయి, సన్నటి పదునైనవి పైన. ఎంత గట్టిగా ఉంటే అంత పసుపు, ఇంకా గట్టిదైతే తెలుపు. పొద్దుటి రికార్డింగులో పైభాగమంతా పసుపు గీతలు నిలువునా ఉన్నాయి. ఇప్పటిదాంట్లో ఆ గీతలు తెల్లగా మండుతున్నాయి. మనోజ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించుకుంది. కళ్లకు కనిపిస్తున్న తేడా చెవులకు అందలేదు.

గ్రీజు తుడిచేసింది. పళ్లు బాగున్నాయి. స్ప్రింగు బాగుంది. నాలుక కొత్తది. మైకు కూడా బాగుంది. ఇక చూడాల్సింది ఒక్కటే మిగిలింది.

ఆమె కుర్చీలో కూర్చుంది. కాలు ఊపలేదు.

"బాబీ, నిజం చెప్పు. నాకు గీ పైన గీతలు వినవడ్తలేవు. నీకు ఎరుకేనా?"

బాబీ మౌస్‌ను పక్కకు నెట్టాడు. "ఏడాదిగా అక్కా," అన్నాడు. "గాజులు, తాళంచెవులు, గ్లాసులు... మీరు మరీ గట్టిగా కొడుతున్నారు. మీకు వినపడక కొడుతున్నారని నాకు అర్థమైంది. మీరు వెళ్లాక పైన కొంచెం తగ్గించి పంపేవాణ్ని."

"ఏడాది సంది? నాకు చెప్పకుండ?"

"ఎలా చెప్పనక్కా? పెళ్లి సీను గాజులప్పుడు ఒకసారి చెప్పబోయా. 'నాకు పని నేర్పకు' అన్నారు."

ఆ మాట అన్నట్టు ఆమెకు గుర్తే లేదు. అన్నదేమో. అని ఉంటుంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చేసింది. ఫిల్మ్ నగర్ రోడ్డు మీద కార్లు, ఆటోలు, స్టూడియో వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి. ఆటో ఎక్కలేదు, కిందికి నడిచింది. అంత ట్రాఫిక్‌లోనూ ఆ సన్నటి బుస ఆమెను వదల్లేదు. ఇక్కడ ఏసీ లేదు, పైపుల్లేవు. అది తన తలలోనే ఉందని నడిరోడ్డు మీద అర్థమైంది.

ఆ రాత్రి తల్లితో ఏమీ చెప్పలేదు. పొద్దున లేచి మధురానగర్‌లో ఒక చెవి డాక్టరు క్లినిక్‌కు వెళ్లింది. పరీక్ష చేసే అమ్మాయి పేరు లాస్య. మనోజను చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. స్పాంజి గోడలు, రెండు అద్దాల కిటికీ, మందపాటి తలుపు. మనోజకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లుగా తను బతుకుతున్నది ఇలాంటి గదిలోనే.

"చప్పుడు వినపడగానే నొక్కండి మేడమ్. ఎంత చిన్నదైనా సరే."

మొదట్లో బరువైన చప్పుళ్లు వచ్చాయి, టకటకా నొక్కింది. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఖాళీగా కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఏదో వచ్చినట్టే అనిపించి నొక్కింది. మళ్లీ నొక్కింది.

మైకులో లాస్య గొంతు మెల్లగా వినిపించింది. "మేడమ్, ఇప్పుడు నేనేం పంపలేదండీ."

మనోజ బటన్ ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ తొడల కింద అదిమి కూర్చుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది గెలవాల్సిన పరీక్షలా ఆడుతున్నానని అప్పుడు తెలిసింది. మళ్లీ మొదలుపెట్టమంది. ఈసారి నిజంగా వినిపించినప్పుడే నొక్కింది. చాలా తక్కువసార్లు నొక్కింది.

"రెండు చెవుల్లోనూ సన్నటి చప్పుళ్లు వినపడటం తగ్గింది. ఎడమ వైపు ఎక్కువ. ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్లు గట్టిగా పెట్టుకుని ఉంటారు," అంది లాస్య. "ఆ బుస కూడా దానివల్లే. పోయింది తిరిగి రాదండీ. ఉన్నది కాపాడుకోవాలి. మిషన్ పెట్టుకుంటే మాటలు స్పష్టంగా తెలుస్తాయి."

"మాటలు నాకు మంచిగనే తెలుస్తున్నయి. నాకు ఇత్తడి గావాలె," అంది మనోజ.

లాస్యకు అర్థం కాలేదు. మనోజ వివరించలేదు.

మర్నాడు స్టూడియోకు వెళ్లేసరికి బాబీ ముందే వచ్చి కూర్చున్నాడు. మనోజ క్షమాపణ అడగలేదు, అతనూ అడగలేదు. "నీకు ఏం వినవడ్తుందో మాటల్ల చెప్పు. నేను దాన్నిబట్టి చేస్త," అంది. అది అనుకున్నంత తేలిక కాలేదు. బాబీకి మీటలు తిప్పడం వచ్చు, మాటల్లో చెప్పడం రాదు. "బాగుంది," "బాలేదు," అంతే. మనోజ విసుక్కుంది. "బాలేదంటే ఏంది? ఎట్ల బాలేదు? దేని లెక్క ఉంది?" అని గుచ్చి గుచ్చి అడిగింది.

"బ్లేడుతో రేకు గీసినట్టు," అన్నాడు చెమటలు కక్కుతూ. "కొత్తగా ఉందక్కా. పెద్దాయన రీలులా లేదు. షాపులోంచి ఇవాళే తెచ్చినట్టుంది."

"మొన్న మొదట చేసింది?"

"అది..." బాబీ వెతుక్కున్నాడు. "పాత గజ్జె ఉంటుంది చూడండి, కొంచెం నలిగింది. అలా ఉంది. గుచ్చుతుంది, కానీ నొప్పి ఉండదు."

మనోజ రీలు వైపు చూసింది. తను పొద్దంతా కాదన్న చప్పుడే సరైనదన్నమాట. మీట నెట్టి డ్రమ్ము తీసింది. పదునైన నాలుకను వెనక్కి మడిచి, కొస అరిగిన పాత నాలుకను మళ్లీ దాని చోట పెట్టింది. కొంచెం గ్రీజు రాసింది. దారం లాగేటప్పుడు ఇత్తడి పళ్లెం అంచు మీద బొటనవేలు ఆనించి ఉంచింది. నాలుక ఒక్కో పన్ను మీద పడ్డప్పుడల్లా వేలికి చిన్న దెబ్బలు తగిలాయి. చేప ఉరికినప్పుడు ఆ దెబ్బలు కలిసిపోయి ఒకటే వణుకయింది. చేప అలిసినప్పుడు మళ్లీ విడివిడిగా వచ్చాయి. ఆమె ఆ దెబ్బల మధ్య ఎడాన్నే చూసుకుంది, మిగతాది బాబీకి వదిలేసింది. వదలడం కష్టంగానే ఉంది. ప్రతి టేకు తర్వాతా "నిజంగనేనా?" అని అడిగింది. నాలుగోసారి బాబీ, "అక్కా, నమ్మితే నమ్మండి, లేకపోతే సిద్ధార్థను పిలవండి," అన్నాడు. నమ్మింది. శుక్రవారం మిక్సింగులో దర్శకుడు ఆ సీను రెండుసార్లు పెట్టించుకుని విన్నాడని సిద్ధార్థ మెసేజ్ పెట్టాడు.

శనివారం రీలు తిరిగి ఇవ్వడానికి జూబ్లీహిల్స్ వెళ్లింది. త్రినాథరావు తోలుగుడ్డ విప్పి డ్రమ్మును ఒక్కసారి వేలితో తిప్పి వదిలాడు. అది తిరిగి ఆగేంతలోపే ఆయన ముఖం ముడుచుకుంది.

"విప్పావు."

"విప్పిన సార్. మాట తప్పిన."

"ఎందుకు విప్పావ్? బాగా పనిచేస్తున్నదాన్ని విప్పాల్సిన అవసరమేంటి?" ఆయన గొంతు పెరిగింది. శ్యామలాదేవి కాఫీ గ్లాసులతో గడప దగ్గరే ఆగిపోయింది.

"పాడైందనుకున్న సార్. ఖరాబైంది రీలు గాదు, నా చెవులు," అంది మనోజ. పరీక్ష సంగతి బాబీకి కూడా సరిగ్గా చెప్పలేదు. ఈ ఇద్దరు పెద్దవాళ్ల ముందు మాత్రం నిలబడి మొత్తం చెప్పేసింది.

త్రినాథరావు కోపం పూర్తిగా పోలేదు. "అయినా విప్పకుండా ఉండాల్సింది," అని గొణుగుతూ లోపలికి వెళ్లి గ్రీజు డబ్బా తెచ్చుకుని, కిందనే కూర్చుని డ్రమ్ము ఊడదీశాడు. శ్యామలాదేవి మనోజ చేతికి కాఫీ ఇచ్చి, "అసలు వినపడదా అమ్మాయ్ ఇది? అదృష్టవంతురాలివి," అంది. మనోజ నవ్వింది.

గేటు దాటుతుండగా సిద్ధార్థ ఫోన్ చేశాడు. కొత్త సినిమా, కూచిపూడి డాన్సర్ కథ, రెండున్నర గంటలూ గజ్జెలే అన్నాడు.

"అడుగులు నేను చేస్త. గజ్జెలు నాతోని గాదు," అంది మనోజ.

"అదేంటి? నీకంటే ఎవరు చేస్తారు?"

"నాకు అవి వినవడవు సిద్ధార్థా. పరీక్ష చేయించుకున్న." అవతల నిశ్శబ్దం. ఆమె దాన్ని నింపాలని చూడలేదు. బండ పక్కన నీడలోకి జరిగి, అతను మాట్లాడేదాకా ఆగింది.

"సరే," అన్నాడు అతను చివరికి. "అడుగులకు నువ్వే. గజ్జెల సంగతి కూర్చుని ఆలోచిద్దాం. సోమవారం వస్తావా?"

"సోమవారం చెవి మిషన్ ఇస్తరంట. మంగళారం వస్త."